ప్రతిభకు పే స్కేలు

ఉద్యోగరీత్యా మేము కొన్నేళ్ళు ఖరగ్‌పూర్ సమీపంలోని సాలువాలో కాపురమున్నాము. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రస్థానమైన ఆ ఊరిలో ఎటు చూచినా గూర్ఖా కుటుంబాలే. కాని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో అడుగిడగానే తెలుగు వినిపించేది. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో పనికై వలస వచ్చిన మనవారి సంతతి అక్కడ అధికం. ఆదివారాలు సెర్సా స్టేడియంలో కుర్రవాళ్ళ ఆట చూడటం మాకు అలవాటుగా ఉండేది.

ఆ రైల్వేలోనే 2001లో క్రీడాకారుల కోటాలో మహేంద్రసింగ్ ధోని టికెట్ ఎగ్జామినరుగా చేరాడు. ఆయనకు మేమెన్నడైనా టికెట్టు చూపించామో లేదో చెప్పలేము! 2004 డిసెంబరులో ఆయన భారత జట్టుకు ఆడాడు. 2005 ఏప్రిల్‌లో మన విశాఖపట్నంలో పాకిస్తాన్‌పై 148 పరుగులు చేశాడు. 2008లో ఐ.పి.ఎల్. తొలి వేలంలో చెన్నై జట్టు ఆయనకు 15 లక్షల డాలర్లు, అనగా దాదాపు 6 కోట్ల రూపాయలు పలికింది. ఏ పే కమిషనూ కలగనని పెరుగుదల అది.

ఆ వార్త చదివిన నాడు మాకొక పాత సంగతి ముల్లువలె గుచ్చుకున్నది. పూర్వం ఒక కార్యాలయంలో క్రీడాకారుల నియామక సంఘంలో మేమొక సభ్యులము. ఒక యువ ఫాస్ట్ బౌలరుకు రెండు అడ్వాన్సు ఇంక్రిమెంట్లు ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. "ఇరవై ఏళ్ళ సర్వీసున్న ఫోర్‌మన్‌కు లేనిది, ఇరవై ఏళ్ళ వయసు కుర్రవాడికా?" అని అడ్డుపడినవారము మేమే. అతడు కనీస వేతనంతో చేరాడు. రెండేళ్ళకు భుజం దెబ్బతిని బౌలింగు ముగిసింది. చాలాకాలం తరువాత కలిసినప్పుడు, "అప్పట్లో చేతిలో నాలుగు డబ్బులుంటే మంచి డాక్టరుకు చూపించుకునేవాణ్ణి సార్" అన్నాడు. ఆ మాటలో నిష్ఠురం లేదు. అందుకే మాకు మరింత బాధ కలిగింది.

యంత్రానికి తరుగుదల లెక్కగట్టడం మా వృత్తిలో భాగం. పదేళ్ళు పనిచేసే యంత్రం ఖరీదును ముప్పై అయిదేళ్ళకు పంచము. మరి పదిపన్నెండేళ్ళు మాత్రమే ఆడగల మనిషికి మన ముప్పై అయిదేళ్ళ స్కేలును ఎట్లా తగిలించాము? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవలసిన వాడు క్రీడాకారుడు.

అట్లని వేలం పాటే న్యాయమా? మన స్కేలు గడచిన సేవకు వెల కడుతుంది. వేలం రాబోయే ఆశకు కడుతుంది. 2025 సీజనుకు రిషభ్ పంత్ వెల 27 కోట్లు, ధోని వెల 4 కోట్లు. పదమూడేళ్ళ వైభవ్ సూర్యవంశీకి 1 కోటి 10 లక్షలు. మన విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డికి 2024లో 20 లక్షలు, మరుసటి ఏడే 6 కోట్లు. అదే నితీశ్ 2025 జూలైలో మోకాలి గాయంతో ఇంగ్లండు పర్యటన నుండి వెనుదిరగవలసి వచ్చింది. పేరు మ్రోగినా మోకాలు మోకాలే.

రంజీ ఆటగాళ్ళకు క్రికెట్ బోర్డు 2021లో వేరొక పద్ధతి నిర్ణయించింది. ఇరవై మ్యాచ్‌ల వరకు ఆడినవారికి రోజుకు 40 వేలు, నలభై దాటినవారికి 60 వేలు. ఇది మన స్కేలుకు దగ్గరి చుట్టమే. అయినా, వేలంలో పేరు పలకనివారికి కూడ కూడు పెడుతున్నది.

కనుక మా మటుకు మాకు తోచినది ఇది: యువ క్రీడాకారునికి స్థిరమైన వేతనం పునాదిగా ఉండాలి. ఆడగలిగిన ఏళ్ళలో దానిపై ధారాళంగా అదనం ఇవ్వాలి. గాయపడిన నాడు వైద్యం సంస్థదే కావాలి. ఫోర్‌మన్‌తో పోలిక వద్దు. ఫోర్‌మన్‌కు తక్కువైతే అతని కొరకు వేరుగా పోరాడుదాము. కుర్రవాడి పళ్ళెంలోంచి తీసి సమానం చేయనక్కరలేదు.

ఆనాడు మేము ఆపినవి రెండు ఇంక్రిమెంట్లే. ఆ భుజం ఖరీదు ఎంతో ఏ స్కేలులో వెదికినా మాకు దొరకలేదు.