జగదల్‌పూర్‌లో ఒక రోజు

ఓరుగల్లు కోట 1323లో ఢిల్లీ సేనల వశమైన తరువాత కాకతీయులు ఏమయ్యారు? ప్రతాపరుద్రుడు బందీ అయి, ఢిల్లీకి పోయే దారిలోనే కన్నుమూశాడని చెప్పి మన పాఠ్యపుస్తకాలు ఆ అధ్యాయాన్ని ముగిస్తాయి. కాని ఓరుగల్లుకు ఈశాన్యంగా, గోదావరి దాటి, ఇంద్రావతి పారే అడవుల్లో ఆ వంశం పేరు మరి ఆరు వందల ఏళ్లు నిలిచింది. ఆ రాజ్యం బస్తర్. దాని చివరి రాజధాని జగదల్‌పూర్.

ఆ ఊరు చూడాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉన్నది. నేను వృత్తిరీత్యా అనువాదకురాలిని. ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, ఇరవై ఏళ్లుగా ఒక భాషలోని మాటను మరొక భాషలోకి చేరవేస్తూ బ్రతుకుతున్నాను. తెలుగు రాజవంశం ఒకటి తెలుగును విడిచి మరొక భాషలో కలిసిపోయిందంటే, ఆ మార్పు ఎలాంటిదో కళ్లారా చూడాలనిపించడం సహజమే కదా! నిజం చెప్పాలంటే, అక్కడ 'మన' ఆనవాళ్లను వెదికి పట్టుకోవాలన్న చిన్న అహంకారం కూడా లేకపోలేదు.

గత కార్తీకమాసంలో ఒక రాత్రి విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కాను. బైలాడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుండి జపానుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమిది. అనంతగిరి సొరంగాలు, అరకు లోయ చీకట్లోనే దాటిపోయాయి. తెల్లవారేసరికి జగదల్‌పూర్ స్టేషనులో దిగాను. సన్నని మంచు, కట్టెల పొగ వాసన.

నాకు ఊరు చూపించడానికి ఒప్పుకొన్న పెద్దమనిషి అప్పటికే వచ్చి నిలుచున్నారు. బడిపంతులుగా పనిచేసి విరమించారు. వారి తాతగారు శ్రీకాకుళం ప్రాంతంనుండి వ్యాపారం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పల్లెవాళ్లతో హల్బీ మాట్లాడతారు.

"మీకున్నది ఒక్క రోజే కదమ్మా," అన్నారు మాస్టారు. "ఊరు చిన్నదే. కాని తొందరపడితే ఏమీ కనబడదు. నేను ఆగమన్నచోట ఆగండి. వద్దన్నచోట వద్దు."

మొదటి మాటకు తల ఊపాను. రెండవ మాటను అంతగా పట్టించుకోలేదు.

రాజభవనం

మొదట రాజభవనానికి వెళ్లాం. తెల్లని కట్టడం. మైసూరు, జయపురం భవనాలను చూసిన కళ్లకు ఇది పెద్ద జమీందారు ఇల్లులా తోస్తుంది. "ఇంతేనా?" అన్నట్లు చూశాను కాబోలు, మాస్టారు నవ్వారు. "ఈ రాజుకు ఉన్నది అడవి, అమ్మా. మేడలు కాదు. 1998లో విడగొట్టేదాకా బస్తర్ జిల్లా ఒక్కటే కేరళ రాష్ట్రం కంటె పెద్దది. ఇప్పుడది ఏడు జిల్లాలు."

ప్రాంగణంలోనే దంతేశ్వరీదేవి ఆలయం ఉన్నది. మూలస్థానం ఇక్కడికి ఎనభై కిలోమీటర్లకు పైగా దూరంలో, శంఖిని, డంకిని నదులు కలిసే దంతెవాడలో. గుడిమెట్ల మీద కూర్చోబెట్టి మాస్టారు కథ చెప్పారు. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు విడిచి బయలుదేరినప్పుడు దేవి వరమిచ్చిందట: "నీవు ముందు నడు, నీ వెనుక నేను వస్తాను. ఎంతదూరం నడిస్తే అంతవరకు నీ రాజ్యం. వెనుదిరిగి మాత్రం చూడకు." అందెల చప్పుడు వింటూ అతడు నడిచాడు. నదుల సంగమం దగ్గర ఇసుకలో కాళ్లు కూరుకొని అందెలు మ్రోగలేదు. శంకించి వెనుదిరిగాడు. దేవి అక్కడే నిలిచిపోయింది.

"ఇది కథ," అన్నారు మాస్టారు. "శాసనం సంగతి వేరు. దంతెవాడలో దిక్పాలదేవ రాజు 1703లో వేయించిన శాసనమున్నది. సంస్కృతంలో ఒకటి, దేశభాషలో ఒకటి. ఓరుగల్లు కాకతి ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమరాజు ఈ వంశానికి మూలమని అందులో ఉన్నది. కాని అది చెక్కేనాటికి ఓరుగల్లు పడిపోయి 380 ఏళ్లు. అంతకాలం ఆ పేరు ఎవరి నోట నిలిచి ఉందో ఆలోచించండి."

అన్నమదేవుని సంతతి రాజధానిని ఒకచోటినుండి మరొకచోటికి మారుస్తూ వచ్చి, 18వ శతాబ్దంలో దళపతిదేవుని కాలంలో బస్తర్ గ్రామంనుండి ఈ ఊరికి చేరింది. ఊరి అంచున విశాలంగా పరచుకొన్న దళపత్ సాగర్ చెరువు ఆయన పేరనే ఉన్నది. మన చెరువుల రాజుల అలవాటు ఇక్కడికీ వచ్చిందా అని పొంగిపోయాను. మరొక పోలిక కూడా దొరికింది. 1922 నుండి 1936 వరకు ఈ సంస్థానాన్ని ఏలినది ప్రఫుల్లకుమారీదేవి అనే మహిళ. రుద్రమదేవి వంశం పేరు చెప్పుకొనే ఇంట ఆరు వందల ఏళ్ల తరువాత మళ్లీ ఒక రాణి! ఆమె భర్త ఒరిస్సాలోని మయూర్‌భంజ్ రాజకుటుంబంవారు కనుక తరువాతి తరాలవారికి భంజ్‌దేవ్ అన్న పేరు వచ్చింది. 2022 జూలైలో ఆ ఇంటి వారసులు కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను వరంగల్లుకు ఆహ్వానించి కాకతీయ వైభవ సప్తాహం జరిపారు.

నేను ఉత్సాహంగా ఇవన్నీ వ్రాసుకొంటుంటే మాస్టారు మెల్లగా అన్నారు: "మీరు వచ్చినవాళ్ల లెక్క వ్రాస్తున్నారు. రానిచ్చినవాళ్ల సంగతి కూడా వినండి."

అనుమతి తీసుకొనే రాజు

గుడి ముందు విజయరథం నిలిచి ఉన్నది. దసరా ముగిసినా ఇంకా విప్పలేదు. ఎనిమిది చక్రాలు, రెండు అంతస్తుల ఎత్తు. చాలావరకు సాలు కొయ్య. ఏటా కొత్తగా, చేతి పనిముట్లతోనే, తరతరాలుగా ఆ హక్కు గల గ్రామాల వడ్రంగులు చేస్తారు. లాగే మోకులు సియాడి తీగ నారతో పేనినవి. అంటే మనం విస్తళ్లు కుట్టుకొనే అడ్డాకు తీగ. ఆ మోకును చేతితో తాకి చూశాను. నా ముంజేయి కంటె లావుగా ఉన్నది.

బస్తర్ దసరా 75 రోజుల పండుగ. శ్రావణ అమావాస్యనాడు మొదలవుతుంది. ఇక్కడ రావణదహనం లేదు, రాముని ప్రసక్తి లేదు. పండుగంతా దంతేశ్వరిదే. పూరీ యాత్రకు వెళ్లివచ్చిన పురుషోత్తమదేవ రాజు రథపతి బిరుదు పొంది ఈ రథోత్సవం ఆరంభించాడని చెబుతారు.

నన్ను ఆకట్టుకొన్నది రథం కాదు, దాని ముందు వెనుకల జరిగే తతంగం. నవరాత్రి మొదలయ్యే ముందు రాజు కాఛిన్‌గాదికి వెళతాడు. మిర్గాన్ కులానికి చెందిన ఒక చిన్నపిల్లపై కాఛిన్‌దేవి ఆవహిస్తుందని నమ్మకం. ఆ పిల్లను ముళ్ల ఊయలలో పడుకోబెట్టి ఊపుతారు. సంఘం వరుసలో క్రిందుగా ఎంచే కులపు పిల్ల ఎదుట రాజు చేతులు కట్టుకొని, "పండుగ చేసుకోవచ్చునా తల్లీ?" అని అడగాలి. ఆమె సరేనంటేనే పండుగ.

ఇక విజయదశమి రాత్రి. రథాన్ని లాగే హక్కు గల మాడియా ఆదివాసులు దానిని నగరంలో లాగి, అర్ధరాత్రి వేళ దొంగిలించుకొని ఊరి వెలుపలి కుమ్‌డాకోట్ తోపుకు తీసుకుపోతారు. మరునాడు రాజు వారి దగ్గరకు వెళ్లి, వారితో కలిసి కొత్త బియ్యపు అన్నం తిని, ఒప్పించి రథాన్ని వెనక్కు తెచ్చుకోవాలి. చివరలో మురియా దర్బారు. ఊళ్ల పెద్దలు తమ కష్టాలు చెప్పుకొనే సభ అది. 1876లో ఆదివాసులు తిరగబడిన తరువాత మొదలైన ఆ దర్బారుకు నేడు ముఖ్యమంత్రులే వచ్చి కూర్చొంటారు.

"చూశారా అమ్మా," అన్నారు మాస్టారు, "ఏడాదికొకసారైనా రాజు తనది కాని చోట నిలబడి అడుక్కోవాలి. అడిగినన్నాళ్లు నిలిచాడు."

అడగనప్పుడు ఏమయిందో కూడా ఆయనే చెప్పారు. ఇంగ్లీషు ప్రభుత్వం అడవులను రిజర్వు చేసి ప్రజలను బయటకు నెట్టడంతో 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు రేగింది. మామిడి కొమ్మలు, మిరపకాయలు, మట్టి ముద్దలు, బాణాలు ఊరినుండి ఊరికి సందేశంగా ప్రాకిపోయాయి. నాయకుడు గుండాధుర్ చివరి వరకు దొరకలేదు. తరువాత సంస్థానం 1948లో భారతదేశంలో విలీనమైంది. ప్రఫుల్లకుమారి కుమారుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ రాజ్యం పోయినా ఆదివాసుల మధ్యనే ఉన్నారు. వారి భూమి, వారి బియ్యం కోసం ప్రభుత్వంతో పోరాడారు. 1966 మార్చి 25న ఈ ప్రాంగణంలోనే పోలీసు కాల్పులలో ఆయన మరణించారు. ఆయనతోపాటు ఆదివాసులూ నేలకొరిగారు. ఇప్పటికీ బస్తర్ పల్లెల ఇళ్లలో దేవతల పటాల ప్రక్కన ఆయన ఫోటో ఉంటుందట.

ఆ ఉదయమంతా నేను వ్రాసుకొన్న కాగితాలు ఒక్కసారిగా తేలికగా తోచాయి.

బజారులో పొరపాటు

మధ్యాహ్నానికి సంజయ్ మార్కెట్టుకు వెళ్లాం. చింతపండు బస్తాలు, ఎండిన ఇప్పపువ్వు, విప్పిన దుంపలు, ఎండుచేపలు. ఘడ్వా కళాకారులు తేనెమైనపు దారాలతో బొమ్మ అల్లి, మట్టి పూసి, మైనం కరిగిన చోట కంచు పోసి చేసిన ఏనుగులు. ఆకుదొన్నెలలో చాప్డా అనే ఎర్రచీమల పచ్చడి సరుకు. కాస్త నాలుకకు తగిలించుకొన్నాను. నిమ్మరసంలా పులుపు.

ఒక మూల నలుగురు స్త్రీలు కూర్చొని ఉన్నారు. అందులో ఒక ముసలామె నుదుటిమీద, చేతులమీద పచ్చబొట్లు. ప్రక్కన సొరబుర్ర, దానినుండి మనవడికి నీళ్లు పోస్తున్నది. కిటికీలోంచి పడినట్లు ఎండ సూటిగా ఆమె ముఖంమీద పడుతున్నది. నేను కెమెరా ఎత్తాను. మీట నొక్కిన చప్పుడుకు ఆమె తల త్రిప్పి చూసింది. కోపం లేదు. కొంగు ముఖంమీదికి లాక్కొని, బుర్రను వెనక్కు జరిపి, అటు తిరిగి కూర్చొన్నది. ప్రక్కనున్న ముగ్గురూ అలాగే తిరిగారు. నాలుగు వీపులు.

మాస్టారు ఏమీ అనలేదు. ఆమె దగ్గర గిద్దెడు ఇప్పపువ్వు కొని, హల్బీలో రెండు మాటలు చెప్పారు. ఆమె బదులు చెప్పింది. "ఏమన్నది?" అని అడిగాను. అనువాదకురాలినై ఉండి మరొకరిని అర్థం అడగవలసి వచ్చింది.

"'ఆమె నన్ను ఎక్కడికి తీసుకుపోతున్నది?' అని అడిగింది."

దానికి నా దగ్గర జవాబు లేదు.

చిత్రకూట్ దారిలో ధరంపురా వద్ద మానవశాస్త్ర ప్రదర్శనశాల ఉన్నది. 1972లో ఏర్పడింది. మురియా, మాడియా, హల్బా, ధుర్వా జాతుల నగలు, వలలు, డోళ్లు, ముఖకవచాలు శ్రద్ధగా అమర్చి ఉంచారు. ఒక అద్దాలపెట్టెలో సొరబుర్ర కనిపించింది. అచ్చంగా ఆ ముసలామె బుర్రలాంటిదే. క్రింద చీటీమీద దాని పేరు, వాడుక.

"దీనికి ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు," అన్నారు మాస్టారు. "ఇది తల త్రిప్పుకోదు."

అందులో వెక్కిరింత లేదు. అయినా నాకు తగిలింది. ఇరవై ఏళ్లుగా ఇతరుల మాటలను నా భాషలోకి తెస్తున్నాను. ప్రతి పుస్తకానికీ ముందుగా రచయిత అనుమతి పత్రం కావాలని పట్టుబట్టే నేను, ఒక ముఖానికి అనుమతి కావాలని ఎందుకు అనుకోలేదు?

చిత్రకూట్

జగదల్‌పూర్‌కు పడమరగా 38 కిలోమీటర్ల దూరంలో ఇంద్రావతి ఒక్కసారిగా దాదాపు 95 అడుగుల లోతుకు దూకుతుంది. గుర్రపు నాడా ఆకారంలో వంగిన బండ. వానాకాలంలో ఆ చివరనుండి ఈ చివరకు ఒకే ఎర్రని తెర అట. నేను వెళ్లేసరికి నీరు తేరుకొని, తెల్లని పాయలుగా విడిపోయి పడుతున్నది. తుంపరలు మొగం మీదికి వస్తున్నాయి. ఒరిస్సాలోని కలహండి కొండల్లో పుట్టిన ఈ నది బస్తర్ పొడుగునా పారి గోదావరిలో కలుస్తుంది. అంటే ఈ నీళ్లే కొన్నాళ్లకు భద్రాచలం మెట్లను తాకుతాయి.

"మీవాళ్లు ఏటికి ఎదురు వచ్చారు," అన్నారు మాస్టారు నవ్వుతూ. "నీళ్లు మాత్రం ఎప్పుడూ ఇటునుండి అటే."

పత్రికల్లో బస్తర్ పేరు కనబడితే దశాబ్దాలుగా తుపాకుల వార్తే. ఆ వార్తలు అబద్ధం కాదు. కాని ఆ వార్తలకు ముందూ వెనుకా ఈ అడవిని ఎవరైనా అడిగారా లేదా అన్న ప్రశ్న ఒకటి ఉంటుందని ఆనాడు నాకు తెలిసింది. కాకతీయుల ఆనవాళ్ల కోసం వెళ్లాను. భాష నిలవలేదు, లిపి నిలవలేదు. అడిగి ఉండడమనే మర్యాద మాత్రం ఏటా ఒక పిల్ల ముళ్ల ఊయల ఎదుట ఇంకా నిలిచి ఉన్నది. అది ఓరుగల్లునుండి వచ్చినది కాదు. ఇక్కడివాళ్లు వచ్చినవాళ్లకు నేర్పినది.

మెట్ల దగ్గర ఒకామె ఉడికించిన చిలగడదుంపలు అమ్ముతున్నది. రెండు కొన్నాను. కెమెరాను సంచిలోంచి తీసి, ఎత్తకుండా, చేతిలోనే పట్టుకొని ఆమెకు చూపించాను. మాస్టారిని నా మాట హల్బీలో చెప్పమన్నాను: "ఇది మా ఊరు తీసుకుపోతాను. మా ఇంట్లోవాళ్లకు చూపిస్తాను. తీసుకోనా?"

ఆమె కాసేపు ఆలోచించింది. తరువాత గంపను సర్ది, జుట్టు వెనక్కు దువ్వుకొని, దూరంగా ఆడుకొంటున్న కూతురిని పిలిచి ఒడిలో కూర్చోబెట్టుకొన్నది. అప్పుడు తల ఊపింది.

అప్పటికే ప్రొద్దు వాలింది. వెలుతురు చాలక ఆ ఫోటో మసకగా వచ్చింది. బజారులో తీసినది ఎంతో స్పష్టంగా ఉన్నది. కాని దానిని ఉంచుకోలేదు. బస్తర్ చూశానని ఎవరికైనా చెప్పవలసివస్తే, ఆ మసక ఫోటోనే చూపిస్తున్నాను.