పేరు తేలని పుండు

1996లో సికింద్రాబాద్‌లో డిగ్రీ చదువుతున్నప్పుడు మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో ఒక్కొక్కరికి ఒక టెస్ట్‌ట్యూబు ఇచ్చిండ్రు. మీద నంబరు తప్ప పేరుండదు. దాన్ని 'అన్‌నోన్' అనేవాళ్లు. లోపలున్న బాక్టీరియా ఏదో పరీక్షలు చేసి మేమే తేల్చాలె. నన్ను తేల్చడానికి మాత్రం అక్కడ ఒక్క పరీక్షే సరిపోయింది: "మీ ఇంటిపేరేంది?" ఆ తర్వాత మైక్రోస్కోపు నాదాకా ఆఖర్నే వచ్చేది.

ముందుగాల గ్రామ్ స్టెయిన్ చేసిన. 1884లో గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు చెప్పిన పద్ధతి. గాజుపలక మీద పూత పూసి, మంటకు చూపి, క్రిస్టల్ వయొలెట్, అయోడిన్ వేసి ఆల్కహాల్‌తో కడగాలె. నా పూత రంగు విడువలే. ఊదారంగు కడ్డీలు, అంటే గ్రామ్ పాజిటివ్. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే బుడగలొచ్చినయి. మలకైట్ గ్రీన్‌తో ఆవిరి పట్టిస్తే కడ్డీల లోపల పచ్చటి గింజలు కనిపించినయి, అవి స్పోర్లు. వేలాడే నీటిచుక్కలో చూస్తే ఈదుతున్నయి. బాసిల్లస్ సబ్టిలిస్ అని రాసిన. మట్టిలో ఉంటది, మామూలుగ ఎవరికీ హాని చెయ్యదు.

"ఇదే కడ్డీ, ఇవే స్పోర్లు, కానీ ఈదకపోతే?" అని లెక్చరర్ అడిగిండు. ఆయనే చెప్పిండు: ఆంత్రాక్స్ క్రిమి కావచ్చు. ఊళ్లల్ల దొమ్మ అంటరు. పశువును ఉన్నట్టుండి చంపుతది. దాని తోలు ఒలిచినోళ్లకు నొప్పిలేని పుండు లేచి, నడుమ బొగ్గులెక్క నల్లబడ్తది.

ఆ రాత్రి చిలకలగూడ రూమ్‌ల నాకు అన్నం పోలే. మాది మాదిగవాడ. ఊళ్లె గొడ్డు చస్తే తాతకు కబురొచ్చేది. ఈడ్చుకుపోయి కోసి, తోలు తియ్యాలె. కాదనే హక్కు లేదు. 1960లల్ల ఒక ఎండకాలం ఆయన చేతిమీద అట్లాంటి నల్ల పుండే లేచిందని అవ్వ చెప్పేది. నొప్పి లేదంటే ఎవరూ పట్టించుకోలే. జ్వరమొచ్చి పోయిండు. చచ్చిన గొడ్డును తిన్న పాపమని ఊరు తేల్చింది.

అది దొమ్మేనని నేను రుజువు చెయ్యలేను. ఆ పుండునుంచి ఒక్క చుక్క తీసి ఎవరూ గాజుపలక మీద పెట్టలే. నా టెస్ట్‌ట్యూబుకు వారం రోజుల పరీక్షలు. మా తాతకు ఒక్కటీ లేదు. 1876లోనే జర్మనీలో రాబర్ట్ కాక్ ఈ క్రిమి బతుకంతా విప్పి చూపిండు. 1897లో రోనాల్డ్ రాస్ ఈ సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిండు. మైక్రోస్కోపు మా వాడదాకా మాత్రం రాలే. వేళకు అందితే పెన్సిలిన్‌కు లొంగే రోగమిది. దొమ్మతో చచ్చిన గొడ్డును కొయ్యొద్దు, కోస్తే నెత్తురుకు గాలి తగిలి స్పోర్లయి మట్టిలో ఏండ్లకేండ్లు బతుకుతయి, లోతుగ పాతిపెట్టాలె అంటది శాస్త్రం. శాస్త్రం కొయ్యొద్దన్నదాన్నే కులం మాతో కోయించింది. కోయించి, పాపం మా నెత్తినే పెట్టింది.

ఇయ్యాల ఏ వాడకు పోయినా పిల్లలకు ఇదే చెప్తున్న. ఉన్నట్టుండి చచ్చి, ముక్కునుంచి గడ్డకట్టని నెత్తురు కారే గొడ్డును ఎవరు చెప్పినా ముట్టకుండ్రి. పశువుల డాక్టరును పిలువుండ్రి. పుండు లేస్తే దవాఖానకు పోయి పరీక్ష చెయ్యమని అడుగుండ్రి. చేసేదాకా ఆడనే కూసోండ్రి. మన చావుకు పాపమని పేరు పెడితే ఒప్పుకోకుండ్రి.