దోషమెక్కడ?

సైదాబాదులోని ఒక పాత ఇంటి ముందుగదిలో గోడకు చెరొకవైపు రెండు స్పీకర్లు ఉన్నాయి. వాటి నడుమ ఆంప్లిఫయరు, దానిపైన టేప్ రికార్డరు. ఓరియంటల్ కళాశాలలో సంస్కృతం బోధించి విశ్రాంతి పొందిన ఆ ఇంటి పెద్దాయన ప్రతి ఉదయం ఒకే క్యాసెట్టు వింటారు. 1987లో ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం ఆయన సహధర్మచారిణి గానాన్ని ప్రసారం చేసినప్పుడు, ఇంట్లో రేడియో ముందు టేప్ రికార్డరు పెట్టి పట్టిన పాట అది. పాటతోపాటు ఇంటి చప్పుళ్లూ అందులో చేరాయి. కుక్కరు కూత, వీధిలో సైకిలు గంట, పాట నడుమ ఆమె ఆయనతో మెల్లగా అన్న ఒక మాట. ఆమె ఇప్పుడు లేరు.

ఇంటికి రంగులు వేయించిన మరునాటి నుంచి ఆ మాట వినబడలేదు. మృదంగం డొల్లగా మోగింది. ఎడమవైపు శబ్దం సన్నగిల్లి, నడుమ నడుమ కరకరలాడింది. డెబ్బైయారేళ్ల వయసులో అనుమానం ముందుగా యంత్రం మీదికి పోదు, ఒంటిమీదికే పోతుంది. ఎడమ చెవి పోయింది కాబోలని ఆయన వారంపాటు ఎవరితోనూ చెప్పలేదు. కోఠి గుజరాతీ గల్లీలో ఒక దుకాణదారు పెట్టెలను చూడకుండానే కొత్తవి కొనుక్కొమ్మన్నాడు. చూడకుండా చెప్పే చికిత్స లోకానికి కొత్త కాదు.

పైవాటాలో అద్దెకున్నవారి అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతోంది. సంగతి విని, "తాతగారూ, కుర్చీ అటు తిప్పి, స్పీకర్లకు వీపుపెట్టి కూర్చోండి. ఇప్పుడు ఏ చెవికి తక్కువగా ఉంది?" అని అడిగింది.

కుడిచెవికి! లోపం చెవిదే అయితే ఎడమనే ఉండిపోవాలి కదా.

ఆయన ఎన్నాళ్లకో నవ్వారు. "ఇది అన్వయవ్యతిరేకమమ్మా! ఏళ్ల తరబడి తర్కసంగ్రహం పాఠం చెప్పాను. నా చెవిమీద ప్రయోగించాలని తోచనేలేదు." ఒకటి ఉన్నచోట రెండవది ఉండడం అన్వయం, లేనిచోట లేకపోవడం వ్యతిరేకం. ఆ గ్రంథకర్త అన్నంభట్టు తెలుగువాడు. శబ్దాన్ని ఆయన ఆకాశగుణమన్నాడు. నేటి భౌతికశాస్త్రం దానికి గాలివంటి ద్రవ్యం ఆధారమంటుంది. విచారణ పద్ధతికి మాత్రం కాలదోషం పట్టలేదు.

ఒకసారికి ఒక్కటే మార్చాలని ఇద్దరూ నిశ్చయించుకొన్నారు. యంత్రాన్ని ఆపి, ఆంప్లిఫయరు వెనుక ఎడమ తీగలను కుడిచోట, కుడి తీగలను ఎడమచోట బిగించారు. దోషం ఆంప్లిఫయరుదైతే కుడి పెట్టెకు మారవలసింది, మారలేదు. ఎడమ పెట్టె వెనుక చూస్తే, చిలుమెక్కిన రాగిపోగులు రెండు మూడు మాత్రమే అంటుకొని ఉన్నాయి. రంగులవాళ్లు తీగలు ఊడదీసి, తోచినట్లు మళ్లీ తగిలించిపోయారు. పాత కొస కత్తిరించి, కొత్త పోగులు మెలిపెట్టి బిగించేసరికి కరకర ఆగింది. రెండువైపులా శబ్దం సమమైంది.

మృదంగం మాత్రం రాలేదు.

అమ్మాయి గోడగడియారంలోని 1.5 వోల్టుల బ్యాటరీ తీసింది. ఆంప్లిఫయరు నుంచి తీగలను విప్పి, ఎర్రచార ఉన్నదానిని ధనధ్రువానికి, రెండవదానిని రుణధ్రువానికి లిప్తపాటు తాకించింది. కుడి స్పీకరు పొర ముందుకు ఉబికింది. ఎడమది లోపలికి పోయింది. ఒకటి గాలిని తోస్తుంటే మరొకటి లాగుతోందన్నమాట. అలాంటప్పుడు మంద్రస్వరాలు ఒకదానినొకటి హరించుకొంటాయి. నట్టనడుమ నుంచి వినిపించవలసిన గొంతు చోటు తెలియక చెదిరిపోతుంది. ఎడమ పెట్టె వెనుక రెండు తీగలనూ తారుమారు చేశారు. పైసా ఖర్చు లేదు. అన్ని లోపాలూ ఇంత సులువుగా పోవు. పొర చుట్టూ ఉండే నురుగు అంచు ఏళ్లకు పొడిపొడిగా రాలిపోతే, దాన్ని మార్పించక తప్పదు.

విప్పిన తీగలన్నీ మళ్లీ బిగించి క్యాసెట్టు పెట్టారు. మృదంగం గుండెకు తాకింది. గొంతు రెండు పెట్టెల నడుమ, ఖాళీ గోడ దగ్గర నిలిచింది. చరణం మొదలైన కాసేపటికి ఆ పాటకు వెనుకగా అదే గొంతు మెల్లగా పలికింది.

"కొంచెం తగ్గించండి, పక్కవాళ్లు వింటారు."

ఆయన చెయ్యి ఆంప్లిఫయరు మీది గుండీ దగ్గరకు పోయింది.