పురి విప్పే ఎంజైములు

“జుట్టంతా రాలిపోతోంది. ఇది మందా, విషమా?” కీమోథెరపీ తీసుకుంటున్నవారి బంధువులు చీపురుపల్లిలో నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. దీనికి సమాధానం మన కణంలోనే ఉంది.

మా ప్రాంతంలో గోగునారతో తాళ్ళు పేనడం చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. రెండు పాయల తాడును ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస నుంచి పాయలను విడదీస్తూ పోండి. మిగిలిన భాగంలో పురి బిగుసుకుని, తాడు మెలికలు పడి, ఇక కదలదు.

మన డీఎన్ఏ కూడా రెండు పాయల తాడే. ఒక్కొక్క కణంలో దాని పొడవు సుమారు 2 మీటర్లు. చుట్లు దాదాపు 57 కోట్లు. కణం రెండుగా విడిపోయే ముందు, కొద్ది గంటల్లో, ఇవన్నీ విప్పుకోవాలి.

ఆ పని టోపోఐసోమరేజ్ ఎంజైములది. 1971లో జేమ్స్ వాంగ్ ఈ.కోలై బాక్టీరియాలో మొదటిదాన్ని గుర్తించారు. మనలో ఇవి ఆరు ఉన్నాయి. ఒక తెగవి ఒకే పాయను కోసి, పురి సడలాక తిరిగి అతుకుతాయి. రెండో తెగవి రెండు పాయలనూ కోసి, ఆ సందులోంచి మరో డీఎన్ఏ భాగాన్ని దాటించి అతుకుతాయి.

కోతకూ అతుకుకూ నడుమనున్న ఆ క్షణమే మందులకు అదను. ఇరినోటెకాన్ మొదటి తెగను, ఎటోపొసైడ్, డాక్సోరుబిసిన్ రెండో తెగను అతకనివ్వకుండా ఆపుతాయి. తెగిన డీఎన్ఏతో విభజనకు పూనుకున్న కణం చనిపోతుంది.

సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఇలాగే బాక్టీరియాను చంపుతుంది. బాక్టీరియా ఎంజైము నిర్మాణం వేరు గనుక ఆ మందు మన ఎంజైములను దాదాపు ముట్టుకోదు. క్యాన్సరు కణం పరాయిది కాదు. దాని ఎంజైమూ మనదే. అందుకే వేగంగా విభజన చెందే జుట్టు కుదుళ్ళు, ఎముక మూలుగ కూడా దెబ్బ తింటాయి. చికిత్స ముగిశాక జుట్టు సాధారణంగా మళ్ళీ వస్తుంది. అది రాలిందని చికిత్స మధ్యలో మానకండి.

మూలుగ విషయంలో మాత్రం జాగ్రత్త వహించండి. తెల్లరక్తకణాలు తగ్గినప్పుడు చిన్న ఇన్ఫెక్షనైనా ప్రాణం మీదికి తెస్తుంది. కీమో తీసుకుంటున్నవారికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వస్తే, మాత్ర వేసి తెల్లవారేదాకా ఆగవద్దు. విశాఖ వెళ్ళే బండి కోసం ఎదురుచూడవద్దు. అర్ధరాత్రయినా దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి, కీమో తీసుకుంటున్న సంగతి ముందుగా చెప్పండి.