కొత్త వెటర్నరీ కాలేజీలో చేరే ముందు

ఈఏపీసెట్ ర్యాంకు చేతిలో పెట్టుకుని, కొత్త వెటర్నరీ కాలేజీలో చేరదామా అని ఆలోచిస్తున్న బైపీసీ పిల్లలకు ఒక మాట.

భవనాలు చూసి మురిసిపోకండి. ముందు గుర్తింపు సంగతి అడగండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న డిగ్రీ ఉంటేనే పశువైద్యుడిగా రిజిస్ట్రేషన్. కొత్త కాలేజీకి మొదట దొరికేది అనుమతి మాత్రమే, గుర్తింపు కాదు.

తర్వాత అక్కడి పశువుల ఆసుపత్రికి వెళ్లండి. రోజూ ఎన్ని గేదెలు, మేకలు, కుక్కలు వస్తున్నాయో కళ్లారా చూడండి. కాలేజీకి సొంత ఫారం ఉందా, అన్ని సబ్జెక్టులకూ లెక్చరర్లు ఉన్నారా కనుక్కోండి.

ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5.5 ఏళ్ల చదువు ఇది. రేపు అర్ధరాత్రి ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గర మిమ్మల్ని ఆదుకునేది చేతికి అబ్బిన పనే. దాన్ని పెంచే ఇంటికి ఉన్న పాడి అంతా ఆ గేదే కావచ్చు.