మిగిలింది ఎవరు తినాలి?

నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయి రెండున్నరేళ్లు కావస్తోంది. 2023లో సంక్రాంతి వెళ్లిన వారానికి చేశారు. అప్పుడు నా బరువు 104 కిలోలు, ఎత్తు చూస్తే అయిదడుగుల రెండంగుళాలు. షుగరు వచ్చి ఆరేళ్లు. మేడమెట్లు చూస్తేనే మోకాళ్లు మొరాయించేవి. నా గురకకి మావారు హాల్లో దివాన్ మీదకి మారి చాలా కాలమైంది. ఇప్పుడు 74 కిలోలు. కనిపించిన ప్రతివాళ్లూ ఈ రెండు అంకెలే అడుగుతారు, విని ముక్కు మీద వేలేసుకుంటారు. కానీ నా ఒంట్లో బరువు తగ్గడానికి ఏడాది పడితే, మా ఇంట్లో ఎసట్లో పోసే బియ్యం తగ్గడానికి పడ్డ పాట్లు అంతకంటే ఎక్కువ. ఇవాళ ఆ రెండోదాని గురించి చెబుతాను.

ముందు ఆపరేషన్ సంగతి నాలుగు ముక్కల్లో. నాకు చేసినదాన్ని స్లీవ్ అంటారు. పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, లోపల జీర్ణకోశంలో మూడొంతులకి పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం. టీ కొట్టు గ్లాసుతో ఒక గ్లాసుడు పడితే గొప్ప. పేగుల్ని దారి మళ్లించే బైపాస్ అని ఇంకోటి ఉంది. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టర్లు చూసి చెబుతారు. మన దేశంలో షుగరు లాంటి జబ్బులుంటే బీఎంఐ 32.5 దాటినవాళ్లకి ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. నాది 42. "నోరు కట్టుకుంటే తగ్గవా వదినా, కోయించుకోవాలా?" అంది మా ఆడపడుచు. పదేళ్లు కట్టుకున్నాను. జొన్నరొట్టెలు, కొర్రలు, పరగడుపున నిమ్మరసం తేనె, సాయంత్రం నడక అన్నీ అయ్యాయి. ఎనిమిది కిలోలు తగ్గడం, పది పెరగడం.

మొదటి రెండు వారాలూ అన్నీ పల్చటివే. పప్పుకట్టు, మజ్జిగ తేట, కొబ్బరినీళ్లు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. అవీ గడగడా తాగకూడదు. ఆస్పత్రిలో 30 మి.లీ. పట్టే ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు, పిల్లల దగ్గుమందు సీసా మూత మీద ఉంటుందే, అలాంటిది. దాంతో గుక్క గుక్కగా పావుగంట సేపు తాగాలి. ఇంటికొచ్చిన మూడో రోజున మా అత్తయ్యగారు అది చూసి, లోపలికెళ్లి బీరువాలోంచి వెండి ఉగ్గుగిన్నె తీశారు. మావారికీ, ఆడపడుచుకీ, ఆ తర్వాత నా ఇద్దరు పిల్లలకీ ఉగ్గు పోసిన గిన్నె అది. తళతళా తోమి, అందులో పప్పుకట్టు పోసి నా చేతికిచ్చి, "ఆ ప్లాస్టిక్‌ది ఎందుకమ్మా, దీంతో తాగు" అన్నారు. నలభై దాటిన కోడలికి ఉగ్గుగిన్నె! నవ్వొచ్చింది గానీ కుట్లు లాగేసరికి ఆపుకున్నాను. నెలపాటు అది నా మంచం పక్కనే ఉంది.

మూడో వారం నుంచి మెత్తగా మెదిపినవి, రెండు నెలలు దగ్గర పడుతుంటే మామూలు తిండి. మామూలు అంటే మనం అనుకునే మామూలు కాదు. మన భోజనానికి ఒక వరుస ఉంది కదా. పప్పూ నెయ్యీ, కూర, పచ్చడి, పులుసో చారో, చివర పెరుగు. అన్నిటికీ ఆధారం అన్నం. నా వరుస తలకిందులైంది. రోజుకి 60 గ్రాముల మాంసకృత్తులకి తగ్గకూడదన్నారు. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, గ్లాసు పాలల్లో ఆరో ఏడో. అదే గరిటెడు అన్నంలో రెండు గ్రాములుంటే ఎక్కువ. ఇంత చిన్న పొట్టలో అరవై గ్రాములు సర్దాలంటే ఇంక అన్నానికి చోటెక్కడ? అందుకని ముందు గుడ్డో, చేపముక్కో, పనీరో, గట్టిపప్పో. తర్వాత కూర. ఇంకా చోటుంటే రెండు చెంచాల అన్నం. ఉప్మా కంటే పెసరట్టు మేలు. పొడిపొడిగా ఉన్న అన్నం, బ్రెడ్డు గుండెల మీద బండలా కూర్చుంటాయి. సరిగ్గా నమలని చికెన్ ముక్క కిందకి దిగదు, పైకీ రాదు. నోటినిండా నురుగు ఊరుతుంది, లేచి పరిగెత్తడమే. పరమాన్నం రెండు చెంచాలు దాటితే గుండెదడ, చెమటలు. అందరికీ అలా అవదట, నాకు అవుతుంది. అన్నంతో పాటు మంచినీళ్లు తాగకూడదు, తిన్న అరగంటకి తాగాలి. కంచం పక్కన చెంబు పెట్టుకుని పెరిగిన ప్రాణం, ఈ ఒక్క అలవాటు వదలడానికే మూడు నెలలు పట్టింది. పెరుగన్నం లేకుండా చెయ్యి కడుక్కుంటే ఇప్పటికీ భోజనం మధ్యలో లేచినట్టే ఉంటుంది. కాసేపాగి చిన్న కప్పుతో పెరుగు విడిగా తింటాను.

ఇక అసలు విషయం. కోసి తీసేసిన ఆ భాగంలోనే ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారవుతుంది. అందుకే మొదటి నెలల్లో నాకు ఆకలన్నదే తెలియలేదు. ఆ రోజుల్లోనే నా చెయ్యి ఏం చేస్తోందో నాకు స్పష్టంగా కనిపించింది. సింకు దగ్గర కంచాలు సర్దుతుంటే, మావాడు వదిలేసిన సగం ఇడ్లీ మీదకి చెయ్యి దానంతటదే వెళ్లింది. ఆకలి లేదు, నోరూరలేదు. పారేయలేక వెళ్లింది.

ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రిలో డైటీషియన్ అమ్మాయి నన్నొక మాట అడిగింది. "కూర్చుని తిన్నవి చెప్పారు మేడమ్, ఇప్పుడు నిలబడి తిన్నవి చెప్పండి." ఆడవాళ్లందర్నీ ఇదే అడుగుతానని చెప్పి నవ్వింది. నిలబడి తిన్నవి అంటే బోలెడు. ఇరవై ఏళ్లకి పైగా మా ఇంట్లో మిగిలిందల్లా నాదే. పిల్లలు బాక్సుల్లో వెనక్కి తెచ్చిన పులిహోర. మావారు చాలని కంచంలో వదిలేసిన వంకాయ కూర. గిన్నె అడుగున గరిటెడు పప్పు, దానికోసం ఇంకో గిన్నె మార్చి ఫ్రిజ్‌లో పెట్టడమెందుకని అక్కడికక్కడే ఖాళీ. రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే మజ్జిగ పోసుకుని. తద్దినం నాటి గారెలు రెండో రోజు దాకా. మీ ఇళ్లలోనూ ఇంతే అయ్యుంటుంది, కాదంటే నాకు ఆశ్చర్యమే.

నా పొట్ట తగ్గింది గానీ ఇంట్లో వంట పాత లెక్కే. అయిదుగురికి పూటకి మూడు గ్లాసుల బియ్యం. ఏప్రిల్ కల్లా ఫ్రిజ్ నిండా మూతలు పెట్టిన చిన్న చిన్న గిన్నెలు. పనమ్మాయికి ఇవ్వబోతే మొహమాటపడుతూ, "మేమూ ఇంట్లో వండుకుంటాం కదమ్మా" అంది. నిజమే కదా, వాళ్లకి మాత్రం మన నిన్నటి కూరలు ఎందుకు?

జూన్ వచ్చేసరికి ఫ్రిజ్ ఖాళీగా కనిపించసాగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆగస్టులో ఒకరోజు అత్తయ్యగారు కళ్లు తిరిగి స్నానాలగది గుమ్మంలో కూలబడ్డారు. ఆవిడకి నాకంటే ముందునుంచీ షుగరు. తీసుకెళ్లి చూపిస్తే 412. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఏం తింటున్నారని డాక్టరు అడిగితే "రెండు పుల్కాలే బాబూ" అన్నారు. ఇంటికొచ్చిన వారానికి, రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెలిగింది. వెళ్లి చూస్తే, గట్టు దగ్గర నిలబడి గిన్నెలో మిగిలిన అన్నంలో పులుసు కలుపుకుంటున్నారు.

"అత్తయ్యా, ఏంటిది?"

"ఇంతేనమ్మా, పిడికెడు లేదు. నువ్వా తినలేవు. పారేయమంటావా?"

ఆవిడది దివిసీమ. 1977 నవంబరు ఉప్పెన రాత్రి, రెండేళ్ల మావారిని చంకనేసుకుని ఊళ్లో ఉన్న ఒక్క డాబా మీద తెల్లవార్లూ నిలబడ్డారు. ఆ తర్వాత ఉప్పునీళ్లలో నానిన ధాన్యం ఆరబోసుకుని, ఆ వాసన బియ్యమే వండుకు తిన్నామని చెప్పేవారు. అలాంటి మనిషికి మిగిలిన అన్నం గురించి నేనేం చెప్పను?

మావారు మంచినీళ్లకని లేచొచ్చి చూశారు.

"అమ్మా! నీకు షుగరు పెట్టుకుని ఇదేంటి? మిగిలితే మిగిలింది."

"మరెవరు తింటార్రా?"

"ఇన్నాళ్లూ ఎవరు తినేవాళ్లు?"

ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగారు. అత్తయ్యగారు నా వైపు చూశారు. నేనేమీ అనలేదు. ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చెంబు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, "రోజుకి ఎంత మిగులుతోంది?" అన్నారు. నా మాంసకృత్తులు తూచుకోవడానికి కొన్న చిన్న కాటా ఉంది. వారం రోజులు రాత్రిపూట మిగిలిన అన్నం దానిమీద పెట్టి తూచాం. రెండు కిలోల మూడొందలు తేలింది. ఒక్క అన్నమే, కూరలు కాక. ఆయన బ్యాంకులో పనిచేస్తారు, అంకె కనిపిస్తే గానీ ఏదీ బుర్రకెక్కదు. ఎక్కింది. మూడు గ్లాసులు రెండయ్యాయి. ఎవరి కంచంలో మిగిలింది వాళ్ల పేరుతో డబ్బాలోకి, మర్నాడు వాళ్ల టిఫిను అదే. పెద్దాడు రెండు రోజులు చల్లారిన ఇడ్లీలు తిని, మూడో రోజు నుంచి ముందే లెక్క చెప్పి పెట్టించుకున్నాడు.

చిన్నదాని విషయంలో మాత్రం నేను కాస్త జాగ్రత్తగా ఉన్నాను. అమ్మ రెండు చెంచాలు తిని లేస్తుంటే, పక్కన కూర్చున్న పదిహేనేళ్ల పిల్లకి రెండోసారి అన్నం పెట్టుకోవడానికి సిగ్గేయకూడదు. ఒక రోజు "నాకూ నీ అంత చాలు" అంది. దగ్గర కూర్చోబెట్టుకుని నా పొట్ట మీద గాట్లు చూపించి, ఇది కోసిన పొట్ట కాబట్టి ఇంతే పడుతుంది, నీది నిండు పొట్ట అని చెప్పాను. ఇప్పటికీ దాని కంచం మీద నా కన్ను ఉంటుంది.

అందరికంటే కష్టమైంది అత్తయ్యగారికే. రెండు గ్లాసులు పోసి నేనటు తిరగగానే ఇంకో గుప్పెడు వేసేవారు. "ఎవరైనా వస్తే?" అనేవారు. మా ఇంటికి చెప్పకుండా ఎవరైనా వచ్చి ఎన్నేళ్లయిందో. ఇప్పుడు చుట్టాలు కూడా లొకేషన్ పెట్టించుకుని వస్తున్నారు. అయినా ఆవిడ చెయ్యి ఆగదు. చివరికి ఆవిడే గుర్తు చేసుకుని చెప్పారు, వాళ్లమ్మగారు రోజూ ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి విడిగా దాచేవారట, అడిగి వచ్చినవాళ్లకి ఇవ్వడానికి. అంతే, పొయ్యి పక్కన ఒక స్టీలు డబ్బా వెలిసింది. వచ్చేవాళ్ల గుప్పెడు ఇప్పుడు ఆ డబ్బాలో పడుతుంది, ఎసట్లో కాదు. నెలాఖరుకి గుళ్లో అన్నదానానికి వెళ్తుంది. ఆవిడ మూడు నెలల సగటు షుగరు 10.2 నుంచి 7.6కి దిగింది. నాది 9.1 నుంచి 5.8కి వచ్చి, అయిదో నెలలో మాత్రలు ఆపేశారు. పోయిందనుకోకండి, అణిగి ఉందంతే, పరీక్షలు మానొద్దు అని డాక్టరుగారు హెచ్చరించారు.

మిగతావన్నీ త్వరగా చెప్పేస్తాను. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు వచ్చేది. సవరం పంపనా అని మా అమ్మ అడిగింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి. గాజుల కొలత రెండు పది నుంచి రెండు ఆరుకి వచ్చింది. మెట్టెలు జారిపోతుంటే దారం చుట్టుకున్నాను. టైలర్లు జాకెట్ లోపల బట్ట వదులుతారు, లావైతే విప్పుకోమని. సన్నబడేవాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు, పాతిక జాకెట్లు మూట కట్టాను. దండచేతుల దగ్గర చర్మం వేలాడుతుంది కాబట్టి మోచేతి దాకా చేతులు కుట్టించుకుంటున్నాను. పెళ్లిళ్లలో ఎదురైనవాళ్లు "ఒంట్లో బాగుండటం లేదా?" అని రహస్యంగా అడుగుతారు. సంగతి తెలిసినవాళ్లు "కోయించుకుంటే ఎవరైనా తగ్గుతారు" అంటారు. మొదటివాళ్లకి ఉన్నమాట చెప్పేస్తాను. రెండోవాళ్లకి ఆ దగ్గుమందు కప్పు చేతికిచ్చి, రెండు వారాలు దీంతో బతకమ్మా అనాలనిపిస్తుంది.

మీలో ఎవరైనా ఈ ఆలోచనలో ఉంటే ఒకటి గట్టిగా పట్టుకోండి. బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం వేసుకోవాల్సినవే. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగకూడదు, రెండు గంటలు ఎడం ఉండాలి. ఇంకా పిల్లలు కావాలనుకునే వయసైతే ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు. రెండో ఏడు ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. 71 దాకా దిగిన నేను ఇప్పుడు 74. కొంత పెరగడం మామూలేనట. జంతికల్లాంటి కరకరలాడేవి ఎన్నయినా సులువుగా దిగిపోతాయి కాబట్టి ఆ డబ్బాలు అటక ఎక్కాయి. అందుకోవాలంటే స్టూలు వేసుకోవాలి, మోకాళ్లు ఇప్పుడు ఎక్కనిస్తాయి కూడా, అదొక్కటే ఇబ్బంది.

ఈ నెల బియ్యం డబ్బా కాటా మీద పెడితే రెండు కిలోల ఎనిమిది వందలొచ్చింది. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. ఇంకో రెండు వందలు కలిపి మూడు చేసి పంపారు.