షుగర్ లేదండీ... బెల్లమే!

నల్లపాడు అనగానే గుంటూరు వాళ్లకి గుర్తొచ్చేది రైల్వే జంక్షనూ పాలిటెక్నిక్కూ. గుంటూరు నుంచి వచ్చే రైలుదారి ఇక్కడే చీలి ఒకటి నంద్యాలకీ, మరోటి సికింద్రాబాద్ వైపు పగిడిపల్లికీ వెళుతుంది. 2012లో నగరపాలక సంస్థలో కలిసినా ఊరి వాలకం పోలేదు. మిర్చి టిక్కీల లారీలు తిరిగే దారిలో తీపి ముచ్చట్లేంటంటారా? ఏదైనా కిరాణా కొట్టు ముందు కాసేపు నిలబడండి.

సీసాలో నారింజ తొన బిళ్లలు, పిప్పరమెంట్లు, లాలీపాప్‌లు... పిల్లలకి అన్నీ చాక్లెట్లే! చాలావాటిలో కోకో నలుసైనా ఉండదు. కాగితం మీద సన్నటి అక్షరాల్లో 'షుగర్ బాయిల్డ్ కన్ఫెక్షనరీ' అని ఉంటుంది. అంటే పంచదార పాకం బిళ్ల. చిల్లర లేదంటూ కొట్టువాళ్లు చేతిలో పెట్టే 'చాక్లెట్టూ' ఇదే. ఫోన్లో డబ్బులు కొట్టడం వచ్చాక ఆ బెడద తగ్గిందనుకోండి.

ఆ బిళ్లే లండన్‌లో స్వీట్, అమెరికాలో క్యాండీ. మనకేమో స్వీటంటే లడ్డూ, మైసూర్‌పాకు. లండన్ నుంచి అబ్బాయి స్వీట్లు తెస్తున్నాడంటే పెట్టెలోంచి బిళ్లలు రాలొచ్చు మరి!

నిజానికి క్యాండీ మనింటి పిల్లే. సంస్కృతంలో ఖండమంటే ముక్క. గడ్డకట్టిన చక్కెరకీ ఆ పేరే. మనం కండచక్కెర అంటాం. ఆ మాటే పారశీకం, అరబ్బీ, ఫ్రెంచి తిరిగి ఇంగ్లిషుకి చేరింది. 'శర్కర' ఇలాగే షుగర్ అయింది. అదే శర్కర మలయాళంలో చక్కరగా మారి, పోర్చుగీసు వర్తకుల నోటబడి 'జాగరీ' అయింది. షుగరూ జాగరీ... అంటే పంచదారా బెల్లమూ, పేర్లలోనే తోబుట్టువులు!

అలా దేశాలు తిరిగొచ్చిన షుగర్ ఇక్కడ జబ్బు పేరైపోయింది. టీ కొట్టులో 'షుగరుందా అండీ?' అని అడిగితే డబ్బాలోది కాదు, మన ఒంట్లోది. చిక్కంతా ఇక్కడే. ఉందనగానే 'షుగర్ వెయ్యలేదండీ, బెల్లమే' అంటూ బెల్లం టీ అందిస్తారు. ఇంట్లో సున్నుండలకీ అదే మాట. పంచదార వెయ్యని మాట నిజమే. కానీ బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే. రక్తంలో గ్లూకోజు పెంచడంలో పంచదారకేమీ తీసిపోదు. కాబట్టి మధుమేహం ఉన్నవాళ్లు 'షుగర్ వేశారా?' అని అడిగి ఊరుకోకూడదు. తీపి దేంతో వచ్చిందో అడగాలి... బెల్లమా, తేనా, ఖర్జూరమా అని. ప్యాకెట్ సరుకైతే వెనక్కి తిప్పి 'టోటల్ షుగర్స్' దగ్గరున్న అంకె చూడండి. బెల్లం లెక్కా అందులోనే ఉంటుంది.